ఉప్పుగాలిలో కూరమడి

హరితగృహమనగానే మనలో పెక్కుమందికి స్ఫురించునది, వెలుపల మంచు కురియుచుండగా లోపల వెచ్చదనమును పచ్చదనమును దాచుకొని నిలుచు గాజుమందిరము. అట్టి మందిరమును ఉన్నది ఉన్నట్లుగా కొనితెచ్చి నెల్లూరు తీరమున, మైపాడు బాటలోనో కొత్తకోడూరు ఇసుకదిబ్బల చెంతనో నిలిపినచో, వైశాఖమాసపు ఒక్క మధ్యాహ్నములోనే అందలి మొక్కలన్నియు ఉడికిపోవును. అయినను పట్టణపు మిద్దెలమీదను, తీరగ్రామముల పెరళ్ళలోను ఆకుపచ్చని వలపందిళ్ళు నానాటికి హెచ్చుచున్నవి. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారున నారపల్లిలో తమ మిద్దెమీద కూరగాయలు పండించి, ఆ అనుభవమును వ్రాసి చూపిన పిదప ‘మిద్దెతోట’ యను మాట అందరి నోళ్ళలోను నానినది. ఇక మన తీరవాసి తేల్చుకొనవలసినది ఒక్కటే: ఈ గాజుగృహపు ఊహలో మనకు పనికివచ్చు భాగమేది, చలిదేశములవారికి విడిచిపెట్టవలసిన భాగమేది.

ఊహ మాత్రము ప్రాచీనమైనదే. క్రీస్తుశకము 14 మొదలు 37 వరకు రోమక సామ్రాజ్యము నేలిన టైబీరియసు చక్రవర్తికి దోసజాతి కాయలమీద మక్కువ మెండు. అవి లేని దినముండరాదని ఆయన తోటమాలులు చక్రములు గల మళ్ళలో పాదులు పెట్టి, ఎండ కాయునపుడు వెలుపలికి త్రోయుచు, చలి హెచ్చినపుడు పారదర్శకశిలల పలకలు తొడిగిన చట్రముల క్రిందికి లాగుచు వచ్చిరని ప్లినీ యను పండితుడు తన ప్రకృతిచరిత్రలో వ్రాసియున్నాడు. ఆ శిల అభ్రకమని కొందరును, పొరలుగా చీలు జిప్సమని పెక్కురును చెప్పుదురు. అభ్రకమే యైనచో, గూడూరు, సైదాపురము, రాపూరు గనులలో ఆ పొరలను విడదీసి దేశదేశములకు పంపిన పాత నెల్లూరు జిల్లావారికి ఆ చక్రవర్తి దోసపాదుతో దూరపు చుట్టరికము కలదనుకొనవచ్చును. ఏమైనను మనవారు ఆ పలకలతో ఏ పాదునకును కప్పు వేసిన వారు కారు; వేయవలసిన అక్కరయు వారికి లేకపోయినది. తరువాతి శతాబ్దులలో గాజు చౌకయై, ఐరోపా ప్రభువుల తోటలలో గాజుగృహములు లేచినవి; 1889లో పునాది పడిన బెంగుళూరు లాల్‌బాగు గాజుమందిరము ఆ వంశమునకు చెందినదే. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమర్ట్, గాజు కొనుటకు తగిన ధనము లేక, కొయ్యచట్రమునకు సెల్లోఫేను పొర కప్పి చూపినప్పటినుండియే ఈ విద్య సామాన్యుని పెరటిలోనికి రాగలిగినది.

గాజుగృహము వేడెక్కుటకు కారణమేమి? సూర్యకాంతిని లోనికి రానిచ్చి, లోపలి ఉష్ణకిరణములను గాజు వెలుపలికి పోనీయదని పాఠ్యపుస్తకములు చెప్పును. 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు నల్లని అట్టపెట్టెలు రెండు తీసికొని, ఒకదానికి గాజుపలకను, రెండవదానికి రాతియుప్పు పలకను మూతగా బిగించి ఎండలో నుంచెను. గాజు ఉష్ణకిరణములను ఆపును, ఉప్పుపలక ఆపదు. అయినను రెండు పెట్టెలును ఇంచుమించు సమానముగానే వేడెక్కినవి. వేడెక్కిన గాలి పైకి లేచి పోవుటకు దారి లేకుండుటయే ఆ వేడిమికి ముఖ్యకారణమని దీనివలన తేలినది. మనకు ఇంతకంటె ఉపయోగకరమైన ప్రయోగము వేరొకటి లేదు. ఏలయనగా చలిదేశస్థుడు గాలిని బంధించుటకు గృహము కట్టును, మనము గాలిని విడిచిపెట్టుచునే గృహము కట్టవలసియున్నది. గాలిని గాక మరి దేనిని ఆపవలెను? తీక్ష్ణమైన ఎండలో కొంత భాగమును, కార్తికమాసపు వానను, తెల్లదోమను. ఈ మూడింటిని ఆపి తక్కినదంతయు రానిచ్చు కప్పే మన తీరపు హరితగృహము.

ఈ మూడింటిలో వానను గూర్చి ముందుగా చెప్పవలెను. తీరప్రాంతపు కూరతోటల కష్టసుఖములు దానిచేతిలో నున్నవి. తెలంగాణమునకును గోదావరి మండలమునకును నైరుతి ఋతుపవనము ప్రాణమైనట్లు, నెల్లూరునకు ఈశాన్య ఋతుపవనము ప్రాణము. సంవత్సరమున కురియు వర్షములో సగముకంటె నెక్కువ భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకే పడును. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో ముసురు పట్టినదనగా రోజుల తరబడి సూర్యదర్శనము ఉండదు. సరిగా ఆ దినములలోనే రాత్రులు చల్లబడి, టమాటాకు అనుకూలమైన వాతావరణము ఆరంభమగును. అనగా, ప్రకృతి ఒక చేత ఇచ్చుచున్న చల్లదనమును రెండవ చేతనున్న వాన నాశనము చేయుచున్నది. మొలచిన నారు మొదలు కుళ్ళి వరుసలు వరుసలుగా ఒరిగిపోవును, పూసిన పూత రాలిపోవును, నిలిచిన ఆకులు మచ్చలు పడును. అందువలన ఆరుబయట నాటువారు వానలు వెనుకబట్టు వరకు, డిసెంబరు చివరి వరకు, ఆగుదురు. వారి చెట్లు కాపునకు వచ్చుసరికి ఫిబ్రవరి, మార్చి మాసములు వచ్చును.

ఆ మాసములలో బజారులో టమాటా మిక్కిలి చౌక. మన తీరమునకు టమాటాను పంపునది ముఖ్యముగా పడమటి మెట్టసీమ. ఆసియాఖండముననే పేరుపడిన మదనపల్లె మార్కెట్టు అచ్చటిదే. అచ్చట ధర పడిపోయినపుడు రైతులు పండ్లను రోడ్డుప్రక్కన పారబోసి పోవుదురు. రాయలసీమలో నవంబరు వానలు తోటలను ముంచెత్తిన 2021లోను, మరల 2023 జూలైలోను కిలో నూరు రూపాయలు దాటినది. కావున పెరటిలో కప్పు వేయదలచినవాడు లెక్క చూచుకొనవలసినది ఇచ్చట. ఫిబ్రవరిలో వచ్చు పండుకొరకు కప్పు అనవసరము. సెప్టెంబరులో, ఉత్తర కార్తెలో, వానకప్పు క్రింద నారుపోసి, అక్టోబరు మొదట నాటి, నవంబరులో పూత నిలుపుకొని, డిసెంబరు నడుమ తొలి పండు కోయుటకే కప్పు. అప్పటికైనను ఇనుపగొట్టములకును వలలకును పెట్టిన డబ్బు టమాటాల రూపమున తిరిగి వచ్చునని నేను చెప్పజాలను. రుచికొరకును, మందుల భయము లేకుండ పచ్చిగా తినుటకొరకును పెట్టుకొన్న ముచ్చట యని తలచిన వారే దీనిని చిరకాలము సాగింపగలరు.

ఇక ఉప్పు. తీరపు ఇసుకనేలలో కొన్ని అడుగులు త్రవ్వగానే తీయని నీరు పడును; ఆశపడి బోరును లోతునకు దింపినచో ఉప్పునీరు వచ్చును. వాననీరు ఇసుకలోనికి ఇంకి, బరువైన సముద్రజలముమీద పలుచని పొరగా తేలుచుండుటయే దీనికి కారణము. ఆ తేటనీటి మట్టము సముద్రమట్టముకంటె ఒక్క అడుగు ఎత్తున నున్నచో, దాని క్రింద ఇంచుమించు 40 అడుగుల వరకు మంచినీరుండునని, ఒక్క అడుగు తోడివేసినచో 40 అడుగుల ఉప్పునీరు పైకి లేచునని, డచ్చి ఇంజినీరు ఘైబెనును జర్మను ఇంజినీరు హెర్ట్స్‌బెర్గును పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరమునను లెక్కగట్టిరి. మన తీరపు రైతులు ఏ లెక్కయు లేకుండగనే ఆ రహస్యమును గ్రహించి, లోతు తక్కువై వెడల్పు గల దొరువులు త్రవ్వి, అందులో ఊరిన నీటిని కడవలతో తోడి, నారుమళ్ళకు చల్లుచు వచ్చిరి. ఊరినంత నీరే తోడుట, మరల ఊరువరకు ఆగుట ఈ విద్యలోని మర్మము. బాపట్లలో ఉప్పునీటి వినియోగముపై పరిశోధన చేసిన వ్యవసాయశాస్త్రజ్ఞులు ఈ దొరువునకే రంధ్రములు గల గొట్టములను అడ్డముగా అమర్చి, పై పొరలోని తీపినీటిని మాత్రమే చేర్చుకొను మెరుగైన దొరువును రూపొందించిరి. రొయ్యల చెరువులు విస్తరించిన తరువాత తీరమున పెక్కుచోట్ల ఆ పై పొరకూడ నమ్మదగినది కాకపోయినది.

నాలుకకు ఉప్పని తోచని నీరుకూడ మొక్కకు ఉప్పనే. లీటరునకు ఒక గ్రాము లవణములున్న నీటిని మనము జంకు లేకుండ త్రాగివేయుదుము. ఎదిగిన టమాటా మొక్కకు దినమునకు రెండు లీటర్లు పోయుదుమనుకొన్నచో, అడుగున నీరు కారని సంచిలో నూరు దినములలో 200 గ్రాముల ఉప్పు పోగుపడును. నీరు ఆవిరియైపోవును గాని ఉప్పు ఎచ్చటికిని పోదు. మిద్దెలమీది కుండీలలో మొదట నవనవలాడిన మొక్కలు మూడవ నెలలో ఆకుల అంచులు మాడి, కాయ అడుగుభాగము నల్లబడి పాడగుటకు తెగులే కారణమని పెక్కుమంది మందు చల్లుదురు. తరచుగా అది ఉప్పు. ఉప్పు పేరుకొన్నపుడును, నీరు ఒకనాడు ఎక్కువ ఒకనాడు తక్కువ అయినపుడును, వేరు సున్నపుధాతువును కాయకొనవరకు పంపలేకపోవును. విద్యుద్వాహకతను కొలిచి ఉప్పును చెప్పు చిన్న మీటరు ఇప్పుడు బజారులో దొరకును. మట్టిలోని ఉప్పు 2.5 డెసీసీమెన్లు దాటువరకు టమాటా ఓర్చుకొనును, లెట్యూసు 1.3 దగ్గరనే దిగుబడి తగ్గించును. చిత్రమేమనగా, ఓర్చుకొనగలిగినంత స్వల్పమైన ఉప్పు టమాటాను మరింత తీయగా చేయును. కాయ చిన్నదగును, రసము చిక్కనగును.

ఎండ, ఇసుక, ఉప్పునీరు, సముద్రపు గాలి, ఈ నాలుగును గల దేశములో హరితగృహములు ఎట్లు వెలసినవో చూచుట మనకు మేలు. హాలెండు గాజుగృహములలో చదరపు మీటరునకు 60 కిలోలకు పైగా టమాటా పండునని పత్రికలలో చదివి ఆశ్చర్యపడుటకే గాని, అనుకరించుటకు అది తగినది కాదు. వారి సమస్య వెలుతురు చాలకపోవుట, మన సమస్య వెలుతురు మితిమీరుట. స్పెయిను దక్షిణతీరముననున్న అల్మేరియా మనకు దగ్గర. వాన కురియని, గాలి ఆగని ఆ బీడుతీరమున 1960ల నుండి ప్లాస్టికు కప్పులు పరచుకొనుచు వచ్చి నేడు ముప్పదివేల హెక్టార్లకు వ్యాపించినవి. వారి కౌశలము కప్పులో కంటె నేలలో ఎక్కువగా నున్నది: బంకమన్ను పరచి, దానిపై మాగిన ఎరువు పలుచగా చల్లి, అన్నిటికి పైన జానెడులో సగము మందమున ఇసుక కప్పుదురు. ఇసుకపొర క్రింది తేమను ఆవిరి కానీయదు. తేమతో పైకెక్కవలసిన ఉప్పు వేళ్ళచెంత పేరుకొనదు. ఎండలు ముదిరినపుడు వారు పైకప్పునకు సున్నపునీరు పిచికారి చేయుదురు. వాన వచ్చినపుడో, చలి వచ్చునపుడో కడిగివేయుదురు. ఇసుకయు సున్నమును మనకు కొత్తవా? తీరవాసి పెరటినిండ నున్న ఇసుకను ఏడెనిమిది పర్యాయములు వానలో కడుగనిచ్చి ఆ విధముగా వాడుకొనవచ్చును. అలలు తాకు చోట తవ్వి తెచ్చిన ఇసుకను మాత్రము దరిజేరనీయరాదు.

కప్పును గూర్చి కొన్ని మాటలు. నీడలో పైరు పెంచుట తెలుగుదేశమునకు క్రొత్త విద్య కాదు. తమలపాకు తోటలు పెట్టు ఊళ్ళలో అవిసెచెట్లను దట్టముగా నాటి, వాని నీడను అవసరమును బట్టి కొమ్మలు నరికి తగ్గించుచు, తీగెను కాపాడుచున్నారు. ఆ కొమ్మలు నరుకు నేర్పే నేడు షేడ్‌నెట్ శాతములుగా మారినది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఇంచుమించు లక్ష లక్సులుండును. లెట్యూసు వంటి ఆకుకూరలకు అందులో నాలుగవవంతు చాలును, టమాటాకు సగముకంటె ఎక్కువ కావలెను. కావున ఆకుకూరల మడిమీద 50 శాతము నీడవల, టమాటామీద 35 శాతము వల యుచితము. రెండింటికి ఒకే వల పరచినచో ఎవరో ఒకరికి అన్యాయము జరుగును. డిసెంబరు, జనవరి నెలలలో టమాటామీది నీడవలను పూర్తిగా తీసివేయుటయే మేలు. పాలిథిను పట్టా 200 మైక్రాన్ల మందమున, అతినీలలోహిత కిరణములకు నిలుచునది, శిఖరము క్రింద గాలి వెడలుటకు నిడివిగా ఖాళీ విడిచి వానకాలమున మాత్రమే కప్పవలెను. ఎత్తు తక్కువైన పందిరి కొలిమియగును; పదడుగులకు తగ్గరాదు. ఎయిర్‌కూలరు సూత్రముతో తడిపలకలను, పంకాలను పెట్టి చల్లబరచు పద్ధతి పొడిగాలి గల పీఠభూమికి చెల్లును. సముద్రపు గాలి వీచు సాయంకాలమున నెల్లూరి యింటిలోని కూలరు చేయు సేవ ఎంతటిదో ఎల్లరకును అనుభవమే.

స్తంభములకు ఇనుము ఆకర్షణీయము గాని ఉప్పుగాలి దానిని ఊరకయుండనీయదు. జింకుపూత పలుచనైన గొట్టము అతుకులకడ మొదట త్రుప్పు పట్టును. తీరమునిండ పెరుగు సరుగుడు కర్రలు, పాతు భాగమునకు తారు పూసినచో, కొన్ని ఏండ్లు నిలుచును. విరిగినపుడు మార్చుట సులభము. మిద్దెమీద పెట్టువారు బరువును మరువరాదు. తడిసిన ఇరువది లీటర్ల సంచి ఇరువది కిలోలకు తక్కువ తూగదు. సంచులను గోడలమీదుగా, దూలములమీదుగా పేర్చవలెను గాని కప్పు నడుమ గుమిగూర్చరాదు. సంచిలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలుపుదురు. కొబ్బరిపీచును ఉప్పునీట నానవేసియుందురు గనుక పొట్టును రెండు మూడు మారులు మంచినీట కడిగి పిండనిదే వాడరాదు.

టమాటాను మన పెద్దలు రామములగ యనుచుండిరి. దక్షిణ అమెరికా పర్వతసానువులలో పుట్టినది గావున, దానికి పగటి ఎండయు రాత్రి చలియు కలిసి కావలెను. పగలు 35 డిగ్రీలును, రాత్రి 25 డిగ్రీలును మించినపుడు మొక్క బాగుగనే యుండును, పూయును. పుప్పొడి మాత్రము నిస్సారమై పూత రాలును. ఏప్రిలులో పచ్చగా ఏపుగా పెరిగి ఒక్క పిందె నిలుపని చెట్టునకు ఎరువులు వేయుట వృథాప్రయాస. పెరటికి పెరియకుళములో పుట్టిన పి.కె.యం.-1, ఢిల్లీ పరిశోధనాసంస్థవారి పూసా రూబీ వంటి సూటి రకములు విత్తనము దాచుకొనుటకు అనువైనవి. ఆకుముడత, ఎండుతెగుళ్ళు విడువని చోట బెంగుళూరు ఉద్యానపరిశోధనాసంస్థవారి అర్క రక్షక్ అను సంకరము నిలబడును. నీరు నిలుచు నేలలో టమాటాను వంగమొక్క వేరుమీద అంటుగట్టు పద్ధతిని తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రమువారు ప్రచారము చేసిరి. వంగవేరు రెండు మూడు దినముల ముంపును, బాక్టీరియా ఎండుతెగులును ఓర్చును.

ఒక పువ్వును త్రుంచి దగ్గరగా చూడుడు. పసుపు రేకులు వెనుకకు మడచుకొనియుండగా, నడుమ కేసరములు ఒకదానికొకటి అంటుకొని మొనదేలిన గొట్టమైయుండును. పుప్పొడి ఆ గొట్టపు లోపలివైపుననే విడుదలయగును, కీలాగ్రము కూడ అందులోనే యుండును. తేనెటీగకు ఇచ్చట పని లేదు. పువ్వులో తేనె లేదు, గొట్టమును విదల్చు శక్తి దానికి లేదు. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్ళతో పట్టుకొని, రెక్కలు కదల్పకయే రెక్కల కండరములను వణకించి ఝుమ్మని ధ్వని చేయగా, పుప్పొడి పిండివలె దాని పొట్టమీద రాలును. ఎండిన సరుగుడు కర్రలోను వెదురులోను తొలిచి కాపురముండు ఈ తుమ్మెదకు మన తీరమున కొదువలేదు. ఐరోపావారు 1980ల చివరనుండి గాజుగృహములలో భ్రమరజాతి యొకదానిని పెట్టెలలో పెంచి విడుచుచున్నారు. కాని తెల్లదోమకు భయపడి సన్నని వల చుట్టిన మన పందిరిలోనికి తుమ్మెదయు రాలేదు, గాలియు చాలినంత రాదు. ఆ పని గృహస్థునిది. ఉదయము పది, పదకొండు గంటలవేళ, రాత్రి చెమ్మ ఆరి పుప్పొడి పొడియైన తరువాత, ఊతకర్రను వ్రేలితో గట్టిగా రెండుమారులు కొట్టినచో సన్నని పసుపుపొడి ఎండలో ఎగయుట కంటికే కనబడును. ముసురు పట్టిన దినమున ఎంత కొట్టినను ప్రయోజనము లేదు.

ఆ తెల్లదోమ ఒక మిల్లీమీటరు కూడ లేని జీవి. ఆకు అడుగున కూర్చుండును, మొక్కను కదల్చినపుడు బూడిద ఎగసినట్లు లేచి మరల వ్రాలును. అది పీల్చు రసము స్వల్పము, అంటించు ఆకుముడత వైరసు అనల్పము. ఒకమారు ముడుచుకొన్న మొక్కను పెరికి పారవేయుట తప్ప చికిత్స లేదు. అంగుళమునకు 50 కన్నులు గల వల దానిని ఆపును. గాలిని కూడ కొంత ఆపును గావున ప్రక్కగోడలన్నియు వలతోనే యుండవలెను. పసుపు రంగు వేసిన రేకునకు ఆముదము పూసి వ్రేలాడదీసినచో దోమ రాకను ముందుగా తెలిసికొనవచ్చును. వేపగింజల కషాయము కొంతవరకు సాయపడును.

మార్చి దాటిన పిదప పండు ఎర్రబడక నారింజరంగుననే ఆగిపోయినదని చింతింప నక్కరలేదు. 30 డిగ్రీలు మించిన వేడిలో ఎరుపునిచ్చు ద్రవ్యము ఏర్పడదు. రంగు తిరుగుచున్న కాయనే కోసి యింటిలో నీడన పండవేసినచో చక్కగా ఎర్రబడును.

పచ్చిగా తిను ఆకులకు వత్తము. లెట్యూసు విత్తనము 30 డిగ్రీల వేడిలో నిద్రపోవును. మొలవలేదని విత్తనముల అంగడివానిని నిందించుటకు ముందు, తడిగుడ్డలో చుట్టి రెండు మూడు దినములు ఫ్రిజ్జులో నుంచి, సాయంకాలమున మడిలో చల్లి చూడవలెను. వెలుతురు తగిలిననే మొలచు స్వభావము దానిది గావున మీద మట్టి పేరునకే రాల్చవలెను. నవంబరు మొదలు జనవరి వరకు పదునైదు దినముల కొకమారు కొద్దికొద్దిగా చల్లుచు, గడ్డకట్టని విడియాకుల రకములను పెట్టి, వెలుపలి ఆకులను మాత్రము త్రుంచుకొనుచుండినచో నెలల తరబడి వచ్చును. శివరాత్రి నాటికి నడుమ కాడ లేచును; త్రుంచినచోట పాలు చిమ్మును; ఆకు చేదెక్కును. అంతటితో దానికి స్వస్తి చెప్పవలెను. ఎంత నీడవేసినను వేసవిలో లెట్యూసును నిలుపజూచుట మూర్ఖపుపట్టుదల యని నా అభిప్రాయము.

అంతకంటె, మన ఆకులనే లేతగా కోసి పచ్చిగా తినుట నేర్చుకొనరాదా? లేత మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర టమాటా పెరుగుపచ్చడిలో కలిపినచో దాని రుచికి ఏ పరదేశపు సలాడును సాటిరాదు. తోటకూర, మొక్కజొన్న చెరకుల వలె, తీక్ష్ణమైన ఎండను సద్వినియోగము చేసికొను జాతిది. ఇరువదియైదు దినములకే కోతకు వచ్చును. మన గట్లమీద ఎవరును నాటకయే పెరుగు గంగవాయిలి కూరను మధ్యధరాతీరవాసులు టమాటాతో కలిపి పచ్చిగా తినుచున్నారు. పుల్లని ఆ ఆకులో ఒమేగా-3 జాతి క్రొవ్వుపదార్థము మెండు, ఉప్పునేల దానికొక లెక్క కాదు. నెల్లూరు తీరమున హరితగృహమే అక్కరలేని సలాడు అది. పచ్చిగా తిను ఏ ఆకునకైనను పచ్చిపేడ వేయరాదు, మురుగు కలిసిన నీరు పోయరాదు. ఈ ఒక్కవిషయమున మాత్రము ఉపేక్ష పనికిరాదు.

వానను ఆపిన కప్పు ఆ వానను పారబోయుట ఎంతటి అవివేకము! 200 చదరపు అడుగుల పట్టామీద ఒక సెంటీమీటరు వాన కురిసిన ఇంచుమించు 185 లీటర్లు జారును. ఈశాన్య ఋతువులో 60 సెంటీమీటర్లు కురిసినచో పదకొండువేల లీటర్లు. చూరుక్రింద అడ్డముగా చీల్చిన గొట్టమొకటి కట్టి ఈ నీటిని సంపులోనికి మరల్చినచో, జనవరి నుండి మార్చి వరకు దొరువునీటితో సగముపాలు కలుపుకొనుటకు వచ్చును. పదునైదు దినముల కొకమారు సంచిలోని ఉప్పు అడుగునుండి కారిపోవునట్లు నిండుగా పోయుటకును వచ్చును. దొరువు పాడైన గ్రామములలో ఈ కప్పు చేయు ఉపకారములలో ఇదియే పెద్దదని నా తలంపు.

గాలివానల మాట మరువరాదు. 1984 నవంబరులో శ్రీహరికోట కడ తుపాను తీరము దాటెను. 1989 నవంబరులో సయాము సింధుశాఖలో పుట్టిన ‘గే’ తుపాను మలయా ద్వీపకల్పమును దాటి, బంగాళాఖాతమున మరల బలము పుంజుకొని కావలి వద్ద ఒడ్డునకు వచ్చెను. అట్టి గాలికి నిలుచు పందిరి పెరటిలో కట్టజాలము, కట్టబూనరాదు. పట్టాను మేకులతో బిగింపక త్రాళ్ళతో కట్టుకొనుటయు, ఓడరేవున హెచ్చరిక ఎగురవేసినారని వినగానే పట్టాను, వలను విప్పి చుట్టివేసి, ఊతకర్రలు తీసి మొక్కలను నేలపై మెల్లగా పరుండబెట్టుటయు చేయవలసిన పని. పరుండిన టమాటా మరల లేచును. ఎగిరిపోయిన వల పొరుగువాని కొబ్బరిచెట్టున చిక్కుకొనును.

ఏప్రిలు నడుమ మిగిలిన పచ్చికాయలను పచ్చడికి కోసి, మొక్కలను వేళ్ళతో పెరికివేయవలెను. అప్పుడు మడిని చదునుచేసి, నిండుగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథినును నేలకంటునట్లు పరచి, అంచులను మట్టితో పూడ్చి, రోహిణి కార్తె ముగియువరకు, ఏడెనిమిది వారములు, కదల్పక విడిచిపెట్టవలెను. 1976లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు కటాన్ లోకమునకు తెలియజేసిన పద్ధతి యిది: ఎండకు ఆ పొర క్రింది తడిమట్టి 50 డిగ్రీల వరకు వేడెక్కి, ఎండుతెగులు కలిగించు బూజులును, పెక్కు కలుపు విత్తనములును చచ్చును. తుంగ మాత్రము చావదు. దానిని గడ్డతో సహా త్రవ్వి తీయవలసినదే. మృగశిర చొరబడగానే పొరను తీసి, మట్టిని లోతుగా తిరగవేయక, పైపైన గుల్లచేసి ఎరువు చల్లి, తోటకూర విత్తుకొనవచ్చును.